ఇథైల్ అసిటేట్ నుంచి ఇథనాల్, నీళ్లు విడిపోవట్లేదు, ఎక్కడ సరిచేయాలి?

ఎస్టర్_పని:
ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ కలిపి, కొంచెం గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి ఇథైల్ అసిటేట్ చేస్తున్నాను. చర్య బాగా ముందుకు నడవాలని ఒక మోల్ ఆమ్లానికి మూడు మోల్స్ ఇథనాల్ తీసుకున్నాను. రిఫ్లక్స్ (ఆవిరిని చల్లార్చి తిరిగి ఫ్లాస్క్‌లోకే పంపుతూ మరిగించడం) అయ్యాక డిస్టిల్ చేస్తే థర్మామీటర్ 70-72 డిగ్రీల దగ్గరే ఉండిపోతోంది, పుస్తకంలో మాత్రం 77 అని ఉంది. పొడుగు కాలమ్ పెట్టి మళ్లీ డిస్టిల్ చేసినా అంతే. నీళ్లు 100 దగ్గర కదా మరిగేది, అవి కింద ఫ్లాస్క్‌లోనే ఉండిపోవాలి కదా? ఇంకా మంచి కాలమ్ కావాలా, వేరే దారి ఉందా? తర్వాత ఇదే పెద్ద ఫ్లాస్క్‌లో చేయాలి, అందుకే టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్_బెంచ్:
కాలమ్ తప్పేమీ లేదండి, ఎంత పొడుగు పెట్టినా ఇలాగే వస్తుంది. ఇథైల్ అసిటేట్, ఇథనాల్ కలిసి దాదాపు 72 డిగ్రీల దగ్గర అజియోట్రోప్‌గా (విడిపోకుండా ఒకే ద్రవంలా) మరుగుతాయి, అందులో బరువులో మూడో వంతుకు కాస్త తక్కువ ఇథనాలే ఉంటుంది. నీళ్లతో కూడా అంతే, 70 దాటగానే సుమారు 8 శాతం నీళ్లతో కలిసి వచ్చేస్తుంది. మూడూ ఉంటే 70 దగ్గరే ఇంకో అజియోట్రోప్ ఉంది. అంటే ఆవిరిలోనూ ద్రవంలోనూ పాళ్లు ఒకటే, ఇక కాలమ్ దేన్ని విడదీస్తుంది?

అందుకే ముందు కడగాలి. వచ్చినదాన్ని సెపరేటింగ్ ఫన్నెల్‌లో సోడియం కార్బనేట్ ద్రావణంతో కడిగితే మిగిలిన ఆమ్లం పోతుంది (గ్యాస్ వస్తుంది, మూత బిగించి గట్టిగా ఊపకండి, మధ్యమధ్యలో ట్యాప్ తెరిచి వదలండి). తర్వాత సంతృప్త ఉప్పునీళ్లు, ఆ తర్వాత సంతృప్త కాల్షియం క్లోరైడ్ ద్రావణం. ఇథనాల్‌ను లాగేసేది ఈ చివరిదే. ఉప్పునీళ్ల కడుగు వదిలేస్తే మిగిలిన కార్బనేట్ కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డి కట్టి, పొరలు విడిపోక ప్రాణం తీస్తుంది. మామూలు నీళ్లతో కడగకండి, 100 మిల్లీలీటర్ల నీళ్లలో 8 గ్రాముల దాకా ఎస్టర్ (అంటే మన ఇథైల్ అసిటేట్) కరిగి పోతుంది. చివర్లో అనార్ద్ర మెగ్నీషియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, వడగట్టి, అప్పుడు డిస్టిల్ చేయండి. 77 చూస్తారు.

సమతాస్థితి:
పైన చెప్పినదంతా సరైనదే, కానీ నేనైతే అంతకంటే ముందు ఆగి ఒకటి అడుగుతాను: ఎక్కువ తీసుకోవడానికి ఇథనాలే ఎందుకు? ఈ చర్య సమతాస్థితి స్థిరాంకం (చర్య ఎంతవరకు ముందుకెళ్లి ఆగుతుందో చెప్పే సంఖ్య) దాదాపు 4. సమాన మోల్స్ తీసుకుంటే మూడింట రెండు వంతులు మారుతుంది, ఒకటి మూడు రెట్లు తీసుకుంటే రెండోది 90 శాతం మారుతుంది. ఏది మూడు రెట్లు అన్నది ఆ లెక్కకు అక్కర్లేదు, విడదీసే పనికి మాత్రం అదే ప్రాణం. ఇథనాల్ మిగిలితే ఎస్టర్‌ను వదలదు. ఆమ్లం మిగిలితే అది 118 డిగ్రీల దగ్గర మరిగేది, ఎస్టర్‌తో అజియోట్రోప్ కట్టదు, చాలావరకు ఫ్లాస్క్‌లోనే ఆగిపోతుంది, కాస్త పైకి వచ్చినా కార్బనేట్‌తో పోతుంది. పైగా ఇథనాల్ తక్కువగా ఉంటే, పట్టిన ద్రవం చల్లారాక నీళ్లు కింద వేరే పొరగా కనబడతాయి, ఎక్కువుంటే రెంటినీ కలిపి ఉంచి ఆ పొర కూడా రానివ్వదు. ఎలా విడదీస్తామో రియాక్షన్ పెట్టకముందే తేల్చుకోవాలి. ఎక్కువమంది దిగుబడి ఒక్కటే చూసి పాళ్లు నిర్ణయిస్తారు, నాకు అది అస్సలు నచ్చదు.

ఎస్టర్_పని:
ఇద్దరికీ థాంక్స్ అండి, ఆమ్లం ఎక్కువ తీసుకోవచ్చని నాకు తట్టనే లేదు. పెద్ద ఎత్తున చేసినప్పుడు మిగిలిన ఆమ్లాన్ని కార్బనేట్‌తో చంపేస్తే సరిపోతుందా? నీళ్లు తీయడానికి డీన్-స్టార్క్ (చల్లారిన ఆవిరిలోంచి నీళ్ల పొరను పట్టి వేరుచేసే గాజు ట్రాప్) పెట్టొచ్చా?

ప్లాంట్_షిఫ్ట్:
మొత్తం ఆమ్లాన్ని కార్బనేట్‌తో చంపడం వద్దు. ప్రతి మోల్ ఆమ్లం ఒక మోల్ సోడియం అసిటేట్‌గా నీళ్లలోకి పోతుంది, కొన్న ముడిసరుకును మనమే వ్యర్థంగా మార్చి, ఆ నీళ్లను శుద్ధి చేసే భారం కూడా నెత్తిన పెట్టుకున్నట్టు. ముందు ఎస్టర్‌ను డిస్టిల్ చేసి తీసేయండి, మిగిలిన ఆమ్లాన్ని వీలైతే తర్వాతి బ్యాచ్‌కి వాడండి, కానీ అందులో చేరిన నీళ్లు ఎంతో కొలవకుండా వాడొద్దు, సమతాస్థితి వెనక్కి లాగుతుంది. కార్బనేట్ చివరి జాడల కోసమే.

డీన్-స్టార్క్ ఇక్కడ బాగా పనిచేయదు, పైకి వచ్చే ఆవిరిలో ఇథనాల్ ఉంటుంది కాబట్టి ట్రాప్‌లో పొరలు సరిగా విడిపోవు. బ్యూటైల్ అసిటేట్‌కైతే చక్కగా సరిపోతుంది, బ్యూటనాల్ నీళ్లతో అంతగా కలవదు, నీళ్ల పొరను తీసేస్తూ పై పొరను తిరిగి పంపితే చాలు. మిథైల్ అసిటేట్‌కు అమెరికా రసాయన కంపెనీ ఈస్ట్‌మన్ వాళ్లు చేసింది ఇంకా గొప్పది: చర్య, డిస్టిలేషన్ ఒకే కాలమ్‌లో, ఎసిటిక్ ఆమ్లం పైనుంచి, మిథనాల్ కిందనుంచి పంపిస్తారు. కిందికి దిగే ఆమ్లమే ఎస్టర్‌కు మిథనాల్‌తో, నీళ్లతో ఏర్పడే అజియోట్రోప్‌లను విడగొడుతుంది, ఎస్టర్ పైన, నీళ్లు కింద వస్తాయి. ఆమ్లం వైపు ఉండమన్న సలహాకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఇంకొకటి, పెద్ద ఫ్లాస్క్ అన్నారు కాబట్టి. డిస్టిలేషన్ చివరికి వచ్చేసరికి అడుగున సల్ఫ్యూరిక్ ఆమ్లం గాఢత పెరుగుతుంది, ఇథనాల్ ఇంకా ఉండి వేడి 140 దాకా పోతే డైఇథైల్ ఈథర్ తయారవుతుంది, అది 35 డిగ్రీలకే మరిగి ఇట్టే అంటుకుంటుంది. పైన ఉన్న థర్మామీటర్ ఒక్కటే సరిపోదు, ఫ్లాస్క్ లోపలి ద్రవంలో ఇంకొకటి పెట్టండి, పూర్తిగా ఇంకిపోయేదాకా లాగకండి. మిగిలినదాన్ని చల్లార్చాక నీళ్లలోకి కొద్దికొద్దిగా పోయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు.