వాల్వు ప్రీయాంపా, సాలిడ్ స్టేటా? గాత్ర కచేరీలు వినేవాళ్ళు చెప్పండి

బైరాగిపట్టెడ శ్రోత:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మేడ మీద చిన్న గది, 12 అడుగులకు 11, కింద టైల్స్, గోడలకు ఏమీ లేవు. పిల్లలు పడుకున్నాక రాత్రి ఓ రెండు గంటలు పాటలు వినడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఎక్కువగా గాత్ర కచేరీలు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అమ్మ పాడిన అన్నమయ్య కీర్తనలు, నాన్న దాచిపెట్టిన ఘంటసాల గారి ఎల్పీలు. సిస్టమ్ చెప్తాను: ఒక డ్యాక్ (డిజిటల్ పాటని మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె), ఎంఎం కార్ట్‌రిడ్జ్ (ఎల్పీ మీద ఆనే సూది భాగం) ఉన్న టర్న్‌టేబుల్, ఐసీ చిప్పులతో కట్టిన ప్రీయాంప్, అంటే పవర్ యాంప్‌కి ముందు ఉండి వాల్యూమ్ చూసుకునే పెట్టె (ఎల్పీ సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజ్ కూడా అందులోనే), స్పీకర్లను నడపడానికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 60 వాట్ల ట్రాన్సిస్టర్ పవర్ యాంప్, ఆరున్నర అంగుళాల ఊఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు.

పోయిన నెల చెన్నైలో ఉండే స్నేహితుడు తన వాల్వు ప్రీయాంప్ ఇచ్చి, కొన్నాళ్ళు విను అన్నాడు. చేత్తో కట్టించుకున్నది, రెండు 12ఏయూ7 వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి). పెట్టిన మొదటి రాత్రి నేను లేచి వెళ్ళి స్పీకర్ల దగ్గర నిలబడ్డాను, గొంతు అంత దగ్గరికి వచ్చింది, ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. కానీ మూడో రోజుకి ఒక లోటు తెలిసింది. మృదంగం ఎడమ వైపు అరచేయి ఒత్తి జరిపినప్పుడు గుంకీ వస్తుంది కదా, లోపల నుంచి మూలిగినట్టు, అది సన్నబడిపోయింది. కుడి వైపు చాపు మాత్రం చక్కగా ఉంది. నా పాత ఐసీ ప్రీయాంప్ తగిలిస్తే గుంకీ తిరిగొస్తుంది, గొంతు వెనక్కి పోతుంది.

నా దగ్గర 40 వేలు ఉన్నాయి. వాల్వుదే కొనాలా, లేక ఇంకా మంచి సాలిడ్ స్టేట్ (వాల్వులు లేకుండా ఐసీలు, ట్రాన్సిస్టర్లతో కట్టిన) ప్రీయాంప్‌కి వెళ్ళాలా? ఇంకో టెన్షన్ కూడా ఉంది, మా వీధిలో సాయంత్రం వోల్టేజ్ 180కి పడిపోతుంది, మే నెలలో మేడ మీద గది ఎట్లా ఉంటుందో తిరుపతి వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ వేడికి వాల్వులు తట్టుకుంటాయా?

రేణిగుంట ఆప్-యాంప్:

అన్నా, ఏదీ కొనకముందు ఒక పని చేయండి. రెండు ప్రీయాంప్‌లలో సౌండ్ లెవెల్ సమానంగా పెట్టే విన్నారా? చెవి అంచనాతో పెడితే లెక్కలోకి రాదు, మీటర్ పెట్టి సరిచూడాలి. 12ఏయూ7 ఒక్క స్టేజ్ మామూలుగా పది, పదిహేను రెట్లు గెయిన్ ఇస్తుంది, అంటే సిగ్నల్‌ని అన్ని రెట్లు పెంచుతుంది. మీ డ్యాక్ నుంచి వచ్చేదే 2 వోల్టులు, చాలా పవర్ యాంప్‌లు ఒక వోల్టు, ఒకటిన్నర వోల్టుకే ఫుల్ పవర్ ఇచ్చేస్తాయి. అంటే మీకు గెయిన్ అవసరమే లేదు, వాల్యూమ్‌ది తప్ప ప్రీయాంప్‌కి వేరే పని లేదు. గెయిన్ ఎక్కువైతే నాబ్ ఎప్పుడూ తొలి పావులోనే ఆగిపోతుంది, సాధారణ వాల్యూమ్ పాట్‌లు (నాబ్ వెనక తిరిగే రెసిస్టర్లు) అక్కడే ఎడమ కుడి సమానంగా ఉండవు, పైగా వాల్వు స్టేజ్ సొంత నాయిస్ కూడా పెరిగి వస్తుంది.

మనిషి చెవికి అర డెసిబెల్ ఎక్కువైనా అది “ఎక్కువ సౌండ్”లాగా అనిపించదు, “ఇంకా బాగుంది, ఇంకా దగ్గరగా ఉంది” అనిపిస్తుంది. మీరు చెప్పిన “గొంతు దగ్గరికి వచ్చింది” సరిగ్గా ఇదే కావచ్చు. ఫోన్‌లో 200 హెర్ట్జ్ టోన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి సిస్టమ్‌లో ప్లే చేయండి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజ్ చూడండి, రెండింటికీ 2 శాతం లోపు తేడా ఉండేలా వాల్యూమ్ పెట్టండి. వెయ్యి హెర్ట్జ్ టోన్ వద్దు, చవక మీటర్లు 400 దాటితే తప్పు చూపిస్తాయి. తర్వాత ఇంట్లో ఎవరినైనా కేబుల్ మార్చమనండి, ఏది ఆడుతోందో మీకు తెలియకూడదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. ఎల్ఎం4562 లాంటి ఐసీ డేటాషీట్‌లో డిస్టార్షన్ (అసలు పాటలో లేనిది కలవడం) 0.00003 శాతం. వాల్వు స్టేజ్ ఎంత బాగా కట్టినా దాని దరిదాపుల్లోకి రాదు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు వినాలంటే ఐసీయే.

గ్రీమ్స్‌పేట వాల్వు:

బైరాగిపట్టెడ తమ్ముడూ, నాది చిత్తూరు. మా నాయన వాల్వు రేడియోలు రిపేరు చేసేవాడు, బెంచీ కింద కూర్చుని నేను పని నేర్చుకున్నా, ముప్పై ఏళ్ళుగా నేనూ అదే పని. నీ గుంకీ పోవడం వాల్వు తప్పు కాదు. ఆ ప్రీయాంప్ అవుట్‌పుట్‌లో ఒక కండెన్సర్ ఉంటుంది, లోపలి డీసీని ఆపి పాటని మాత్రం బయటికి పంపడానికి. దాని విలువ చూడు. దాదాపు ఖాయంగా 0.22 మైక్రోఫారడ్ అయి ఉంటుంది, పాత సర్క్యూట్లు చూసి కట్టేవాళ్ళందరూ అదే వేస్తారు. ఎందుకంటే ఆ కాలంలో ప్రీయాంప్ తర్వాత వచ్చేది వాల్వు పవర్ యాంపే, దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (వచ్చే సిగ్నల్‌కి అది చూపే అడ్డు) 220కే, 470కే ఉండేది, కే అంటే వెయ్యి ఓములు. ఆ లోడ్‌కి 0.22 వేస్తే 3 హెర్ట్జ్ దాకా ఇబ్బంది లేదు. నీ ట్రాన్సిస్టర్ పవర్ యాంప్ ఇన్‌పుట్ 10కే అయితే అదే కండెన్సర్ 70 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్ కోసేస్తుంది, అక్కణ్ణుంచి కిందికి ఇంకా కోస్తుంది. గుంకీ ఉండే చోటే అది. కుడి వైపు చాపుకి ఏమీ కాదు, అది చాలా పైన ఉంటుంది. నువ్వు విన్నది అక్షరాలా నిజం, నీ చెవి బాగుంది.

పవర్ యాంప్ మాన్యువల్‌లో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చూడు. 10కే అని ఉంటే ఆ 0.22 తీసి 2.2 మైక్రోఫారడ్, 400 వోల్టుల పాలీప్రొపిలీన్ వెయ్యాలి, అప్పుడు కోత 7 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది, సైజు పెద్దది, బొటనవేలంత ఉంటుంది, లోపల జాగా చూసుకో. ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌కి కనీసం పది రెట్లు పవర్ యాంప్ ఇన్‌పుట్ ఉండాలి అనేది గుర్తుపెట్టుకో. క్యాథోడ్ ఫాలోవర్ (లోడ్‌ని మోయడానికి చివర పెట్టే వాల్వు స్టేజ్) ఉన్న ప్రీయాంప్ అయితే అవుట్‌పుట్ కొన్ని వందల ఓములే, 10కేని మోస్తుంది. ఆ స్టేజ్ లేకుండా వాల్వు ప్లేటు నుంచి నేరుగా తీసిన 12ఏయూ7 అయితే ఆరేడు వేల ఓములు, మోయలేదు, గొంతు కూడా నలుగుతుంది. కొనేటప్పుడు అమ్మేవాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. వాల్వు బ్రాండ్ సంగతి తర్వాత.

ఆ కండెన్సర్ నీ చేత్తో మార్చొద్దు, తెలిసినవాళ్ళ చేత చేయించు. లోపల 250, 300 వోల్టుల డీసీ ఉంటుంది, స్విచ్ ఆపి ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కండెన్సర్లలో అది నిలిచే ఉంటుంది. నేను ఇప్పటికీ 10కే, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు క్లిప్పులు కట్టి పెట్టుకున్నా, పెట్టె విప్పగానే దాంతో డిశ్చార్జ్ చేసి, మీటర్‌లో సున్నా చూశాకే వేలు పెడతా. ఎడమ చెయ్యి జేబులో. పదిహేనేళ్ళ వయసులో ఒకసారి మరిచిపోతే నాయన చెంప పగలగొట్టాడు, కరెంటు కొట్టినదానికంటే అదే ఎక్కువ గుర్తుంది.

వేడి గురించి భయపడకు. 12ఏయూ7 హీటర్ తినేది రెండు వాట్ల లోపే, రెండు వాల్వులకి నాలుగు వాట్లు. జనం భయపడేది పవర్ వాల్వులు చూసి, ఒక్క ఈఎల్34 హీటరే తొమ్మిది వాట్లు దాటుతుంది. పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదులు చాలు. వోల్టేజ్ విషయం మాత్రం నిజమైన సమస్య. 230కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 180 ఇస్తే 6.3 వోల్టుల హీటర్‌కి 5 కూడా అందదు, రోజూ ఇట్లా నడిపితే వాల్వు ముందే ముసలిదైపోతుంది. స్టెబిలైజర్ పెట్టు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ అయితే కరెంటు పోయినప్పుడు పాట ఆపేయి, ప్రీయాంప్ వాల్వుదైనా ఐసీదైనా ఆ జుయ్యి మనే శబ్దం వస్తుంది.

వీణ తిరుచానూరు:

నమస్కారం. నేను వీణ నేర్పిస్తాను, మా ఇంట్లో ఎనిమిదేళ్ళుగా వాల్వు ప్రీయాంపే ఉంది. రేణిగుంట వారు చెప్పిన అంకెలు సరైనవే, కానీ వాల్వు కలిపేది ఎట్లాంటిదో కూడా చెప్పాలి. వాల్వులో ముఖ్యంగా పుట్టేది రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు హెర్ట్జ్ ఉన్న స్వరం. మన భాషలో చెప్పాలంటే షడ్జానికి పై షడ్జం. మూడోది పుడితే అది పై స్థాయి పంచమం. పాడేవాళ్ళ వెనక ఎవరో అదే స్వరాన్ని పై స్థాయిలో, వినీ వినిపించనంత మెల్లగా కలిపినట్టు ఉంటుంది, అందుకే గొంతు నిండుగా అనిపిస్తుంది.

ఇంకో విషయం. రెండు స్వరాలు కలిసి వెళ్ళినప్పుడు వాటి తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. షడ్జం పంచమం కలిస్తే ఆ తేడా సరిగ్గా కింది స్థాయి షడ్జం మీద పడుతుంది, కాబట్టి తంబుర ఇంకా చిక్కబడుతుంది, చెవికి హాయి. కానీ నాదస్వరం, డోలు, తాళం అన్నీ కలిసి గట్టిగా మోగినప్పుడు ఆ తేడా స్వరాలు రాగంతో సంబంధం లేని చోట పడతాయి, అంతా అలుక్కుపోతుంది. బ్రహ్మోత్సవాల వాహన సేవ రికార్డింగ్ ఒకటి నా దగ్గర ఉంది, దాన్ని నేను వాల్వులో వినను, డ్యాక్ నుంచి నేరుగా పవర్ యాంప్‌కి ఇచ్చి వింటాను, డ్యాక్‌లోనే వాల్యూమ్ ఉంది కాబట్టి. ఒంటరి గాత్రం, వీణ మాత్రం వాల్వులోనే. మీటు పడ్డాక తీగ నాదం తగ్గుతూ తగ్గుతూ పోయే ఆ చివరి భాగం నాకు ప్రాణం.

మీ గది గురించి ఎవరూ అడగలేదు. టైల్స్ నేల, బోడి గోడలు అన్నారు. ఒక మందపాటి జంపఖానా మీకూ స్పీకర్లకూ మధ్య పరిచి, వెనక గోడకు దుప్పటి అయినా వేలాడదీసి వినండి. మా ఇంట్లో ప్రీయాంప్ మార్చినప్పటి కంటే జంపఖానా వేసిన రోజే నాకు ఎక్కువ మార్పు తెలిసింది.

కొర్లగుంట కిట్లు:

ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి దొరికే చిన్న వాల్వు బోర్డులు మాత్రం కొనకండి. 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి, వాల్వుకి కావలసిన ప్లేటు వోల్టేజ్ అందులో రాదు, కొన్నింటిలో అసలు పని పక్కన ఉన్న ఐసీ చేస్తుంది, వాల్వు కింద నారింజ రంగు ఎల్ఈడీ వెలుగుతుంటుంది. నేను కొని, వారం విని తీసేశాను.

బైరాగిపట్టెడ శ్రోత:

మూడు వారాలైంది, అందరికీ జవాబు బాకీ ఉన్నాను. ముందు మీటర్ పెట్టాను. నేను సమానం అనుకున్న చోట ఐసీ ప్రీయాంప్ 1.00 వోల్టు చూపిస్తే వాల్వుది 1.26. అంటే 2 డెసిబెల్ ఎక్కువ! రేణిగుంట అన్న చెప్పింది నిజం, సమానం చేశాక గొంతు ముందుకు రావడం చాలావరకు తగ్గిపోయింది.

పవర్ యాంప్ ఇన్‌పుట్ 10కే, కండెన్సర్ 0.22, గ్రీమ్స్‌పేట అన్న చూడకుండానే చెప్పినట్టు. స్నేహితుణ్ణి అడిగి, తెలిసిన మెకానిక్ చేత 2.2 వేయించాను. గుంకీ వచ్చేసింది. ఆ రాత్రి తనియావర్తనం (కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) రెండుసార్లు విన్నాను, చాలా సంతోషమైంది.

తర్వాత మా బామ్మర్ది కేబుళ్ళు మారుస్తుంటే కళ్ళు మూసుకుని చెప్పాను. గాత్రం మీద పదిసార్లకు ఆరు సరిగ్గా చెప్పాను, అది ఊహతో సమానమే. తంబుర ఒక్కటే మోగే మొదటి నిమిషంలో మాత్రం పదికి తొమ్మిది. ఎందుకా అని చెవి పెట్టి వింటే అర్థమైంది, వాల్వుది ఆన్‌లో ఉన్నప్పుడు తంబుర కింద సన్నగా హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం) ఉంది, దాన్ని పట్టుకునే నేను గుర్తుపడుతున్నాను. ఇప్పుడు ఆ 40 వేలు అట్లాగే ఉన్నాయి. జంపఖానా, మందపాటి కర్టెన్ కొన్నాను, మాటలు చాలా స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఐసీ ప్రీయాంప్‌నే ఉంచుకుంటున్నాను. కానీ వాల్వుది వెనక్కిచ్చే ముందు ఆ హమ్ లేకుండా ఒక్కసారి వినాలని ఉంది. అది ఎక్కడి నుంచి వస్తుందో ఎట్లా తెలుసుకోవడం?

గ్రీమ్స్‌పేట వాల్వు:

ఇన్‌పుట్ కేబుళ్ళన్నీ పీకేసి చూడు. హమ్ పోతే అది ఎర్త్ లూప్ (పెట్టెల ఎర్త్‌ల మధ్య కేబుళ్ళ గుండా తిరిగే కరెంటు), డ్యాక్‌నీ పవర్ యాంప్‌నీ ప్రీయాంప్‌నీ ఒకే బోర్డులో పెట్టు, చాలావరకు పోతుంది. కేబుళ్ళు లేకపోయినా ఉంటే లోపలిదే. 50 హెర్ట్జ్ మందంగా ఉంటే హీటర్ వైర్లు, వాటిని రెండూ కలిపి గట్టిగా మెలిపెట్టి ఛాసిస్ మూలకి అంటించి పోవాలి. 100 హెర్ట్జ్ అయితే ఇంకాస్త కీచుగా ఉంటుంది, హెచ్‌టీ (వాల్వులకి ఇచ్చే ఆ ఎక్కువ వోల్టుల డీసీ) ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందని అర్థం. రెండు టోన్లూ ఫోన్‌లో వేసుకుని పోల్చుకో. ఎవరైనా త్రీ పిన్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుంది అని చెప్తే వినొద్దు, 300 వోల్టులు ఉన్న ఇనుప పెట్టెకి అదే రక్ష. అట్లాగే మీ ఇంటి ఎర్త్ గుంతలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళైందో చూడు, ఈ ఎండలకి ఎండిపోయి ఉంటుంది. రెండు బిందెలు పోసి మళ్ళీ విని చెప్పు.