బకుల, పొగడ, ముంగిస: ఒక లద్దాఖ్ ఎంపీ పేరు

ప్రశ్న: లేహ్ ఎయిర్‌పోర్టుకు, లద్దాఖ్ ఎంపీగా చేసిన లామా కుశోక్ బకుల రింపోచే పేరు పెట్టారు. బకుళం అంటే మనకు పొగడ పువ్వు, వకుళమాత పేరులో ఉన్నదీ అదే. లామాకు పువ్వు పేరేమిటి? ఈ మూడింటిలో ఇంటిపేరు ఏది?

జవాబు: ఇంటిపేరు ఏదీ లేదండీ. ఆయన సొంత పేరు థుబ్తెన్ ఛోగ్నోర్, అది ఈ మూడింటిలోనూ లేదు. కుశోక్, రింపోచే రెండూ గౌరవ పదాలే. ఒకటి ముందు, ఒకటి వెనక, మనం శ్రీ, గారు కలిపి రాసినట్టు. రింపోచే అంటే టిబెటన్‌లో అమూల్యం. దానికి మళ్ళీ ‘గారు’ తగిలించనక్కర్లేదు.

ఇక బకుల. అసలు బకుల బుద్ధుడి శిష్యుల్లో ఒకరు, పాళీలో బక్కుల అంటారు. టిబెటన్ సంప్రదాయంలో పదహారుగురు అర్హతుల్లో, అంటే నిర్వాణం పొందిన శిష్యుల్లో, ఒకరు. లేహ్ దగ్గరి స్పితుక్ మఠం పెద్ద లామా ఆ అర్హతుడి అవతారమని లద్దాఖ్ బౌద్ధుల నమ్మకం. లద్దాఖ్‌లోని మాథో ఊళ్ళో రాజకుటుంబంలో పుట్టిన మన ఎంపీ 19వ బకుల, 13వ దలైలామా గుర్తించిన వారు.

పాళీ వ్యాఖ్యానాల్లో ఒక కథ ఉంది. పసివాణ్ణి చేప మింగేస్తుంది. ఆ చేపను కోసిన ఇంట్లో బిడ్డ ప్రాణాలతో దొరుకుతాడు. కన్నవాళ్ళూ దొరికినవాళ్ళూ మావాడంటే మావాడంటారు. రెండు కులాలవాడు కాబట్టి ద్వికుల, అదే బక్కుల అయిందట. వ్యుత్పత్తిగా ఇది నిలబడేది కాదు గానీ కథ భలేగా ఉంది. టిబెటన్ బొమ్మల్లో ఈ అర్హతుడి చేతిలో రత్నాలు కక్కే ముంగిస ఉంటుంది. సంస్కృతంలో ముంగిస నకులం. కొన్ని జాబితాల్లో ఆయన పేరే నకులుడు. ఎక్కడో బకార నకారాలు తారుమారయ్యాయని నా అనుమానం. పొగడ పువ్వు మాత్రం ఈ కథల్లో నాకెక్కడా తగల్లేదు.

ఇంకొకరు: పేరు సరే, లామా గారు రాజకీయాల్లోకి ఎలా వచ్చారు?

జవాబు: చదువు టిబెట్‌లో, లాసా దగ్గర డ్రెపుంగ్ మఠంలో. 1951లో జమ్మూకశ్మీర్ రాజ్యాంగ సభకు వచ్చారు. మరుసటి ఏడాది బడ్జెట్ మీద మాట్లాడుతూ, ఇందులో లద్దాఖ్‌కు ఏముందని నిలదీశారు. ఆ ప్రసంగమే ఆయన్ని నాయకుణ్ణి చేసిందని నేననుకుంటాను. తర్వాత రాష్ట్రంలో మంత్రిగా లద్దాఖ్ వ్యవహారాలు చూశారు. జమ్మూకశ్మీర్ జనం ఓటేసి లోక్‌సభకు మనుషుల్ని పంపడం 1967లోనే మొదలు, అంతకు ముందంతా నామినేషనే. అలా లద్దాఖ్ ఓటర్లు పంపిన తొలి ఎంపీ ఈయన. కాంగ్రెస్ తరఫున 1977 దాకా రెండు సభల్లో ఉన్నారు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద నియోజకవర్గం, చలికాలం మంచు పడితే కనుమ దారులు మూతపడే చోటు. తర్వాత మైనారిటీ కమిషన్‌లో ఉన్నారు, 1988లో పద్మభూషణ్ వచ్చింది.

డెబ్బై దాటిన వయసులో ఎవరైనా మఠంలో కూర్చుంటారు. ఈయన 1990లో మంగోలియాకు రాయబారిగా వెళ్ళి దాదాపు పదేళ్ళు ఉన్నారు. అక్కడ దశాబ్దాల అణచివేత తర్వాత బౌద్ధం మళ్ళీ తలెత్తుతున్న రోజులవి. ఉలాన్‌బాతర్‌లో తన మఠం పేరుతోనే ఒక మఠం కట్టించారు. మంగోలులు ఆయన్ని ‘ఎల్చిన్ బగ్ష్’ అన్నారు, అంటే రాయబారి గురువు. 2003లో పోయారు.

ఇంకొకరు: బగ్ష్ మన బక్షీసుకు చుట్టమా మాస్టారూ?

జవాబు: కాదండీ. బక్షీసు పారసీ మాట, ఇవ్వడం అనే క్రియలోంచి వచ్చింది. మొఘల్ కొలువులో సైన్యం జీతాలు చూసే ‘బక్షీ’ మాత్రం ఈ బగ్ష్‌కు చుట్టమేనని పండితులంటారు. ఇంకో తమాషా, 1953లో బకులను మంత్రివర్గంలోకి తీసుకున్న పెద్దమనిషి బక్షీ గులాం మొహమ్మద్. అప్పట్లో అక్కడ ముఖ్యమంత్రి అనరు, ప్రధానమంత్రి అనే అనేవారు.