‘వస్వాస్’కు తెలుగు మాట: దుష్ప్రేరణా, గుసగుసా?

ప్రశ్న: ఖుర్‌ఆన్‌లోని 114వ సూరా (అధ్యాయం) ‘అన్‌నాస్’లో వచ్చే ‘వస్వాస్’ను నేను ‘దుష్ప్రేరణ’ అని తెలిగించాను. అయితే వుజూ (నమాజుకు ముందు చేసుకునే శుద్ధి) సరిగా కుదిరిందో లేదోనన్న శంకతో నమాజు వేళ దాటిపోతున్నా చేతులు కడుగుతూనే ఉండే మనిషి బాధకు కూడా అరబ్బీలో ‘వస్వాస్’ అనే పేరు. అతణ్ణి దుష్ప్రేరణకు లొంగినవాడనడం అన్యాయమనిపిస్తోంది. వేరే మాట ఉన్నదా?

జవాబు: మీ సంకోచం సబబైనదే. ‘వస్వాస్’ ధ్వన్యనుకరణ పదం. ఒంటిమీది నగలు చేసే సన్నని సవ్వడిని కూడా అరబ్బీ నిఘంటువులు ఈ మాటతోనే చెబుతాయి. వినీవినబడని చప్పుడును జంటపదంగా పలకడం మన ‘గుసగుస’లోనూ ఉన్నది కనుక నా ఓటు దానికే. పైగా, 114వ సూరాలో ఈ పని చేసేవాడు ‘ఖన్నాస్’, అంటే దైవస్మరణ వినగానే వెనక్కు తగ్గేవాడు. 50వ సూరా 16వ ఆయత్ (వాక్యం)లో మాత్రం ఇదే క్రియకు కర్త మనిషి నఫ్సే, అంటే అతని అంతరంగమే. చెడు అన్నది గుసగుసలాడేవాణ్ణి బట్టి వచ్చే అర్థమే తప్ప మాటలో పుట్టుకతో ఉన్నది కాదు.

వినేవాడి మీద నేరం మోపడం సంప్రదాయానికీ సమ్మతం కాదు. నోటితో చెప్పడానికే భయపడే తలపులు వస్తున్నాయని సహచరులు మొరపెట్టుకున్నప్పుడు, ఆ భయమే స్పష్టమైన విశ్వాసమని ప్రవక్త బదులిచ్చినట్టు ‘సహీహ్ ముస్లిం’ అనే హదీసుల (ప్రవక్త మాటల, చేతల) సంకలనంలో ఉన్నది. 2వ సూరా 10వ ఆయత్‌లోని ‘హృదయాలలోని రోగం’ సంగతి వేరు. అక్కడ మాట్లాడుతున్నది విశ్వాసులమని పైకి నటించే కపటుల గురించి. ఆ ఆయత్‌ను దిగులుతో కుంగినవారికి వర్తింపజేయడం, నా దృష్టిలో, అనువాద దోషం కంటే పెద్ద తప్పు. 934లో మరణించిన పండితుడు అబూ జైద్ అల్‌బల్ఖీ సైతం, కారణం తెలిసిన దుఃఖాన్నీ తెలియని దుఃఖాన్నీ వేరుచేసి, రెండోదాని మూలాన్ని దేహంలోనే వెదికాడు. ఆధ్యాత్మిక కారణాలను నమ్మిన కాలంలోనే వైద్యానికి చోటుండేదన్నమాట.

ప్రశ్న: అంగీకరిస్తున్నాను. కానీ తెలుగులో ‘గుసగుస’ అనగానే ఇద్దరు చేరి మూడోవారి గురించి చెప్పుకోవడం స్ఫురిస్తుంది. ఒంటరిగా నలిగిపోయేవాడికి అది నప్పుతుందా?

జవాబు: చేతులు కడుగుతూనే ఉండేలా చేసే ఆ రోగానికి నప్పదు. ఆధునిక అరబ్బీ వైద్యులు దానిని ‘అల్‌వస్వాస్ అల్‌ఖహ్రీ’ అంటారు. ‘ఖహ్ర్’ అంటే అణచి లొంగదీయడం, కాబట్టి రోగి ఇష్టానికి విరుద్ధంగా జరుగుతున్నదని పేరులోనే తేలిపోతుంది. సూరా అనువాదంలో ‘గుండెల్లో గుసగుసలాడేవాడు’ అనీ, రోగం గురించి రాసేచోట ‘వదలని శంక’ అనీ వాడి చూడండి. ‘చాదస్తం’ మాత్రం వద్దు, అందులో ఎగతాళి ఉన్నది.