నిరుద్యోగ భృతి ఎక్కువ ఇచ్చామంటూ వెనక్కి అడుగుతున్నారు: కట్టేయాలా, అప్పీల్ చేయాలా?

కొత్త_అపార్ట్‌మెంట్:
అందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటున్నాం, గ్రీన్ కార్డ్ ఉంది. పోయినేడు నా క్యూఏ (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్) కాంట్రాక్ట్ అయిపోయాక అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి అప్లై చేశాను. ఖాళీగా కూర్చోలేక దగ్గర్లోని ఒక ఇండియన్ స్టోర్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర వారానికి 18 గంటలు చేశాను. గంటకు 16 డాలర్లు. రెండు వారాలకోసారి శుక్రవారం చెక్కు, కటింగ్‌లు పోగా 521 చేతికొచ్చేది. ప్రతి ఆదివారం, భృతి కొనసాగాలంటే నింపాల్సిన వీక్లీ సర్టిఫికేషన్‌లో ఈ వారం ఎంత సంపాదించారని అడిగితే, చెక్కు వచ్చిన వారం 521 అనీ, రాని వారం సున్నా అనీ కొట్టాను. అలా 16 వారాలు. దాచిపెట్టింది ఏమీ లేదు.

ఇప్పుడు లెటర్ వచ్చింది. 1,904 డాలర్లు ఎక్కువ ఇచ్చాం, మీరు తెలిసి తప్పు సమాచారం ఇచ్చారు కాబట్టి 15 శాతం పెనాల్టీ 285.60, వెరసి 2,189.60 కట్టండి అని. లెటర్ పంపిన తేదీ నుంచి 30 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చట. మేం ఇల్లు మారాం. అది పాత అడ్రస్‌కి పోయి, మా దగ్గరికి వచ్చేసరికి 19 రోజులు గడిచిపోయాయి. మావారేమో "కట్టేసి దణ్ణం పెట్టేద్దాం, వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి వేయాలి" అంటున్నారు. నాకు ఆ "తెలిసి" అన్న మాట దగ్గరే కడుపు మండుతోంది. మీరైతే ఏం చేస్తారు?

దణ్ణం_పెట్టేవాణ్ణి:
మీవారు చెప్పిందే కరెక్ట్ అండి. రెండు వేల డాలర్ల కోసం ఆరు నెలలు నిద్ర పాడుచేసుకోవడం ఎందుకు? లాయర్‌కి అంతకంటే ఎక్కువ అవుతుంది. కట్టకపోతే వదిలిపెడతారా? ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్ అని ఒకటుంది, మీ ఫెడరల్ టాక్స్ రిఫండ్‌లోంచి వాళ్ళే పట్టేసుకుంటారు. మనం పరాయి దేశంలో ఉన్నాం, గవర్నమెంట్‌తో గొడవ మనకొద్దు.

పేస్లిప్_పిచ్చి:
పేరోల్‌లో పనిచేస్తాను కాబట్టి నా కన్ను ముందు అంకెల మీద పడింది. 1,904ని 8తో భాగించండి, 238 వస్తుంది. మీ అసలు సంపాదన వారానికి 288 (18 గంటలు, 16 డాలర్లు). అందులో 50 పోతే 238. అంటే మీ స్టేట్ వారానికి మొదటి 50 డాలర్ల సంపాదన వదిలేసి, మిగతాది భృతిలోంచి తగ్గిస్తుందన్నమాట. మీరు సున్నా కొట్టిన 8 వారాలు పట్టుకుని, ఒక్కో వారానికి 238 చొప్పున వెనక్కి అడుగుతున్నారు.

మరి 521 కొట్టిన 8 వారాల సంగతి? ఆ వారాల్లో మీకు 471 తగ్గించి ఇచ్చారు. తగ్గించాల్సింది 238. అంటే వారానికి 233 తక్కువ ఇచ్చారు, 8 వారాలకు 1,864. వాళ్ళకు మీరు బాకీ 1,904, మీకు వాళ్ళు బాకీ 1,864. తేడా 40 డాలర్లు!

తప్పు మీదే, కాదనను. సంపాదన రాయాల్సింది పని చేసిన వారంలో, డబ్బు అందిన వారంలో కాదు. అదీ కటింగ్‌లకు ముందున్న గ్రాస్. కానీ 40 డాలర్ల కోసం ఎవరైనా 16 వారాలు అబద్ధం ఆడతారా? ఆ లెక్క ఒక కాగితం మీద ఆదివారం నుంచి శనివారం దాకా వారాల వారీగా గళ్ళు గీసి రాయండి. పేస్లిప్‌లు, స్టోర్ వాళ్ళ టైమ్‌షీట్లు జత చేయండి. తక్కువ ఇచ్చిన వారాలను కూడా తిరిగి లెక్కించమని అప్పీల్‌లోనే అడగండి. అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు చూస్తారన్న ఆశ పెట్టుకోకండి.

టాక్స్_కట్టేవాడు:
ఆ లెక్క బాగుంది, 40 డాలర్లే బాకీ అయితే 40 కట్టమనండి, నాకేం అభ్యంతరం లేదు. నా కోపం వేరే. ఇలాంటి చర్చ ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు "వేవర్ అడగండి" అంటూ దిగిపోతారు. ఇంట్లో ఇంకో జీతం వస్తూ, రెండు కార్లు ఉండి, మాఫీ అడగడానికి మనసెలా ఒప్పుతుంది? ఎక్కువ వచ్చింది వెనక్కి ఇవ్వాలి. కిరాణా కొట్టువాడు పొరపాటున వంద ఎక్కువ చిల్లర ఇస్తే ఉంచేసుకుంటామా?

రెండు_లెటర్ల_అక్క:
తమ్ముడూ, చిల్లర వెంటనే ఇస్తాం. కొట్టువాడు రెండేళ్ళ తర్వాత ఇంటికొచ్చి "నువ్వు దొంగవి, పదిహేను శాతం కలిపి ఇవ్వు" అంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి, దీన్ని కలగాపులగం చేసి చాలామంది నష్టపోతున్నారు. అప్పీల్ అంటే "మీ నిర్ణయం తప్పు, నేను ఇంత బాకీ లేను, నేను మోసం చేయలేదు" అనడం. వేవర్ అంటే "బాకీ నిజమే, కానీ నా తప్పు లేదు, ఇప్పుడు వసూలు చేస్తే అన్యాయం" అనడం. ఒకటి అడిగితే రెండోది అడిగినట్టు కాదు. వేవర్ ఫారం నింపి పంపేసి, అప్పీల్ గడువు దాటబెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నేనూ ఒకదాన్ని.

వేవర్ దానం కాదు, చట్టంలో ఉన్నదే. కరోనాలో స్వయం ఉపాధి వాళ్ళకు ఇచ్చిన పీయూఏ అనే భృతి చూడండి. 2020 మార్చిలో తెచ్చిన కరోనా సాయం చట్టం కేర్స్ యాక్ట్‌లో దానికి మాఫీ వీలు లేదు. జనం గగ్గోలు పెట్టాక అదే ఏడాది డిసెంబర్ 27న వచ్చిన చట్టంలో పెట్టారు. ఇక స్టేట్‌ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో కుటుంబ ఆదాయం అడుగుతారు. టెక్సస్ మామూలు భృతి విషయంలో ఎంత కష్టాల్లో ఉన్నా మాఫీ లేదంటుంది, అప్పీల్ గడువు కూడా 14 రోజులే. న్యూజెర్సీలో 21. కాబట్టి డల్లాస్‌లో ఉన్న మరిది చెప్పిన సలహా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పనికిరాదు.

టాక్స్_కట్టేవాడు:
సరే అక్కా, చట్టంలో ఉందని ఒప్పుకుంటాను. చట్టంలో ఉన్నవన్నీ వాడుకోవాలా అన్నదే నా ప్రశ్న.

మిషిగన్_మంచు:
నోటీసు వచ్చిందంటే తప్పు చేసినట్టే అనుకునేవాళ్ళు మా రాష్ట్రం కథ వినాలి. 2013 నుంచి 2015 వరకు ఇక్కడ మైడాస్ అనే కంప్యూటర్ సిస్టమ్ దాదాపు 40 వేల మంది మీద ఫ్రాడ్ ముద్ర వేసింది. సంపాదన లెక్కలో వారాలు సరిపోలకపోతే చాలు, ఫ్రాడ్! పెనాల్టీ నాలుగింతలు. తర్వాత, మనిషి చేయి పడకుండా కంప్యూటర్ ఒక్కటే తేల్చేసిన 22 వేల పైచిలుకు కేసులు తిరిగి చూస్తే 93 శాతం తప్పని తేలింది. జీతాల్లో కోత పడింది, రిఫండ్‌లు పోయాయి, కొందరు దివాలా తీశారు. కోర్టులో ఏళ్ళ తరబడి నడిచి 2022లో 2 కోట్ల డాలర్లకు రాజీ అయింది. ఆ రోజుల్లో "కట్టేసి దణ్ణం పెట్టేద్దాం" అనుకుని కట్టినవాళ్ళూ ఉంటారు కదా.

దణ్ణం_పెట్టేవాణ్ణి:
అది పాత సంగతి బ్రో. ఈవిడకు వచ్చే ఏడాది సిటిజన్‌షిప్ ఉంది, అది చూడాలి ముందు.

ఎన్400_వెయిటింగ్:
సిటిజన్‌షిప్ చూడాలి కాబట్టే అప్పీల్ చేయాలి! అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకోవడం పబ్లిక్ ఛార్జ్ (సర్కారు సాయం మీద ఆధారపడి బతకడం) కిందికి రాదు, అది పని చేసి సంపాదించుకున్న ఇన్సూరెన్స్. ఎక్కువ వచ్చిన డబ్బు బాకీ ఉండటం కూడా నేరం కాదు. చిక్కంతా "తెలిసి తప్పు సమాచారం ఇచ్చారు" అన్న వాక్యంతో. సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఎన్-400లో ప్రభుత్వానికి ఎప్పుడైనా తప్పుడు సమాచారం ఇచ్చారా అని అడుగుతారు. మాట్లాడకుండా 2,189.60 కట్టేస్తే డబ్బు పోతుంది, ఆ వాక్యం ఫైల్లో అలాగే ఉంటుంది. పైగా చాలా స్టేట్లలో ఫ్రాడ్ అన్న ముద్ర ఉంటే వేవర్ అడిగే దారి కూడా మూసుకుపోతుంది. ఒక గంట ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఆ గంట ఫీజు మాత్రం పిసినారితనం చేయకండి.

ఫోన్_హియరింగ్:
నేను ఒకసారి ఇలాంటి అప్పీల్ హియరింగ్‌కి వెళ్ళాను. వెళ్ళడం అంటే బెడ్‌రూమ్ తలుపేసుకుని ఫోన్ పట్టుకోవడమే. లాయర్ లేడు. జడ్జి మొదట ప్రమాణం చేయించి, కాగితాలు ఒక్కొక్కటీ ఎగ్జిబిట్ నంబర్‌తో చదివారు. మనవాళ్ళు చేసే తప్పు ఏంటంటే, "ఆ రోజు మీరు సున్నా అని రాశారా?" అంటే కాంట్రాక్ట్ పోయిన దగ్గర్నుంచి రామాయణం మొదలుపెట్టడం. "అవునండి. ఎందుకంటే ఆ వారం చెక్కు రాలేదు" అంతే చాలు. ఇంగ్లీషులో తడబడతాం అనుకుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి, ఖర్చు మీది కాదు.

ఇంకోటి, ఆ కవర్ పారేయకండి. పోస్టాఫీసు వాళ్ళు అంటించిన పచ్చ స్టిక్కర్ ఉంటుంది, పాత అడ్రస్ నుంచి మళ్ళించినట్టు. ఒకవేళ గడువు దాటితే ఆలస్యం ఎందుకైందో చూపించడానికి అదే సాక్ష్యం.

హన్మకొండ_పెన్షనర్_కొడుకు:
ఇది అమెరికా సంగతి అయినా ఒక మాట. మా నాన్న అటెండర్‌గా రిటైర్ అయ్యాక, ఎప్పుడో పదేళ్ళ కింద ఒక ఇంక్రిమెంట్ ఎక్కువ వేశామని పెన్షన్‌లో రికవరీ పెట్టారు. ఆయన సంతకం పెట్టడం తప్ప జీతం లెక్క ఏనాడూ చూసుకున్న మనిషి కాదు. 2014 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రఫీక్ మసీహ్ కేసులో చెప్పింది: క్లాస్ 3, క్లాస్ 4 ఉద్యోగుల నుంచి, రిటైరైనవాళ్ళ నుంచి ఇలాంటి రికవరీ కూడదని. ఆ తీర్పు కాపీ పెట్టి అర్జీ ఇచ్చాం, ఆపేశారు. అయితే ఎక్కువొస్తే తిరిగి కడతానని ముందే రాసిచ్చి ఉంటే ఇది పనిచేయకపోవచ్చు, 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు అలా అంది. టాక్స్ అన్నకు అడుగుతున్నా, మా నాన్న కూడా చిల్లర వెనక్కి ఇవ్వనివాడేనా?

టాక్స్_కట్టేవాడు:
మీ నాన్నగారిని అననండి. నేను అన్నది రెండు జీతాల ఇళ్ళ గురించి. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

కొత్త_అపార్ట్‌మెంట్:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి డైనింగ్ టేబుల్ మీద పేస్లిప్‌లన్నీ పరిచి గళ్ళు గీశాను. రెండుసార్లు కూడితే 40 డాలర్లే వచ్చింది. మావారు మూడోసారి ఎక్సెల్‌లో కూడి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి టీ పెట్టుకొచ్చారు.

ఇవాళ 24వ రోజు. బాకీ మొత్తం మీద, ఫ్రాడ్ ముద్ర మీద, పెనాల్టీ మీద, మూడింటికీ అప్పీల్ అని స్పష్టంగా రాసి ఫ్యాక్స్ చేశాను, సర్టిఫైడ్ మెయిల్‌లో కూడా వేశాను. రసీదు ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది. వేవర్ అడగడం లేదు, 40 బాకీ ఉంటే కడతాను. టాక్స్ అన్నయ్యా, మీకోసం కాదులెండి. పచ్చ స్టిక్కర్ కవర్ మాత్రం రీసైక్లింగ్ డబ్బాలోంచి తీయాల్సి వచ్చింది, కాస్త పప్పు మరక పడింది.