కొత్త కారు ధర తేలేదాకా పాత కారు సంగతి షోరూములో దాచాలా?

వర్తూరు వాసి:
2018లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, వైట్‌ఫీల్డ్ వైపున్న ఒక షోరూములో కొంచెం పెద్ద కారు తీసుకోవాలని చూస్తున్నాను. లోపలికి వెళ్ళగానే, మంచినీళ్ళకంటే ముందు "పాత బండి ఏమైనా ఉందా సార్?" అన్న ప్రశ్న వచ్చింది. పన్నూ ఇన్సూరెన్సూ అన్నీ కలిపిన కొత్త కారు ఆన్‌రోడ్ ధర కాగితం మీద పడేదాకా పాత బండి ఊసెత్తవద్దని మా ఆఫీసులో వాళ్ళు అంటున్నారు. డాలస్‌లో ఉండే మా బావగారేమో, డీలరుకే ఇస్తే పన్ను కలిసివస్తుంది కాబట్టి మొదటే చెప్పేసి ఒకే బేరంగా మాట్లాడుకోమంటున్నారు. బెంగళూరులో ఈ పని చేసినవారు ఏమంటారు?

రింగురోడ్డు రాయలసీమ:
దాచాలనే నా మాట. ముందు మీ బావగారి లెక్క చూద్దాం. టెక్సాస్‌లో కొత్త కారు ధరలోంచి పాత కారు విలువను తీసివేసి, మిగిలినదాని మీదే 6.25 శాతం పన్ను వేస్తారు కనుక అక్కడికి ఆయన చెప్పింది నిజమే. మన జీఎస్టీ నిబంధనల్లో 27వది మాత్రం, ఎక్స్ఛేంజ్ లేకుండా కొంటే ఆ వస్తువు ఎంత పలుకుతుందో అంత మీదే పన్ను లెక్కించాలంటుంది. పాత ఫోను ఇచ్చి 20,000కు తీసుకున్న కొత్త ఫోను విడిగా 24,000 పలికేదైతే, దాని విలువ 24,000 కిందే లెక్క అని అందులోనే ఉదాహరణ కూడా ఉంది. కర్ణాటకలో రిజిస్ట్రేషనప్పుడు ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ కూడా కొత్త బండి ధరను బట్టే ఉంటుంది గాని మీరు చేతినుంచి కట్టిన తేడాను బట్టి కాదు. కాబట్టి పన్ను కోసం రెండు బేరాలను కలపవలసిన పని ఇక్కడ లేదు.

కలిపితే ఏమవుతుందో ఒక లెక్క చెబుతాను. బయట 3,90,000 పలికే బండికి షోరూమువారు 4,20,000 ఇస్తామంటే మనసుకు హాయిగానే ఉంటుంది. కానీ నిన్నటి కాగితంలో 45,000 ఉన్న క్యాష్ డిస్కౌంటు ఇవాళ 10,000కు దిగిందన్న సంగతి కంటికి ఆనదు. ఎక్స్‌షోరూము ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ అని వాళ్ళు వడ్డించేది, ఇవన్నీ విడివిడిగా రాయించుకుని, డిస్కౌంటు మీద మేనేజరు సంతకం పడ్డాకనే పాత బండి తాళాలు బల్లమీద పెట్టండి.

విలువ కట్టినవాడు:
రాయలసీమగారి పన్ను లెక్కతో నాకు పేచీ లేదు, దాచడంతోనే పేచీ. నేను కొన్నేళ్ళు ఒక షోరూములో పాత కార్లకు విలువ కట్టే పని చేశాను. ఎక్స్ఛేంజ్ బోనస్ సాధారణంగా కంపెనీ స్కీముల్లో వచ్చే సొమ్ము, దానికి పాత బండి ఆర్‌సీ చూపాలి, ఆ బండి కొనేవారి పేరునో దగ్గరి కుటుంబసభ్యుల పేరునో ఉండాలని అడుగుతారు. సంతకాలయ్యాక మీరు పాత బండిని బయటపెడితే కాగితమంతా తిరగరాస్తారు, మీరు గంటసేపు పట్టుబట్టి సాధించిన డిస్కౌంటు ఎక్స్ఛేంజ్ లేనివారికే వర్తిస్తుందంటారు. కొన్ని స్కీముల్లో బండిని బయట అమ్ముకుని, పేరు మారిన ఆర్‌సీ నకలు ఇచ్చినా బోనస్ ఇస్తారు. ఈ ఒక్కమాట అడిగే కస్టమరు అరుదు.

బండి పట్ల శ్రద్ధ పెట్టండి. అమ్మేముందు రంగు వేయించకండి. కంపెనీ రంగు మందం సుమారు 100 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, మళ్ళీ వేయించిన చోట ఆ మందం కొలిచే మీటరు రెండింతలు, అంతకు మించి చూపుతుంది, అప్పుడు చిన్న గీత కోసం వేయించిన రంగు కూడా పెద్ద ప్రమాదాన్ని కప్పిపుచ్చినట్టే కనిపిస్తుంది. బంపరు ప్లాస్టిక్ కాబట్టి దాని మీది గీతలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మేం చూసేది తలుపుల రబ్బరు బీడింగు కింద స్తంభాలకు వెల్డింగు ఉందా, బానెట్ బోల్టుల మీద పానా జాడలున్నాయా, టైరు మీది నాలుగంకెల్లో తయారైన వారమూ ఏడూ ఎంత, రెండో తాళం ఉందా, సర్వీసు బిల్లులు వరుసగా ఉన్నాయా అన్నవి. లోపల శుభ్రం చేయించడానికి పెట్టిన డబ్బు మాత్రం వృథా పోదు.

ఇన్సూరెన్సు కాగితంలోని ఐడీవీని, అంటే బీమా కోసం బండికి కట్టిన విలువను చూపించి అంత ఇమ్మని వాదించేవారు చాలామంది ఉంటారు. అది బీమా కంపెనీ లెక్క, మార్కెట్టుది కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగి కొత్తవాటి ధరలు తగ్గాయి కాబట్టి, అంతకుముందు కట్టిన పాలసీలోని అంకెకు ఇప్పుడు విలువ ఇంకా తగ్గింది. షోరూముకు వెళ్ళేముందే రెండు మూడు పాతకార్ల సంస్థలకు బండిని చూపించి, ఆ అంకెలు చేతిలో పెట్టుకుని వెళ్ళండి, దాచవలసిన అవసరం దానంతటదే పోతుంది.

బన్నేరుఘట్ట వదిన:
మీరిద్దరూ బుకింగు రోజు గురించే మాట్లాడుతున్నారు. మాకు దెబ్బ తగిలింది డెలివరీ రోజున. కొత్త బండి రావడానికి నెలలు పట్టింది, ఈలోపు పాతదానిలోనే తిరిగాం, తీరా అప్పగించే రోజున మళ్ళీ తనిఖీ చేసి, కిలోమీటర్లు పెరిగాయని చెప్పి ముందు ఒప్పుకున్నదాంట్లో కోత పెట్టారు. చెప్పిన విలువ ఏ తేదీదాకా, ఎన్ని కిలోమీటర్లదాకా నిలుస్తుందో బుకింగు కాగితం మీదే రాయించుకోవాలి.

రెండోది నో క్లెయిమ్ బోనస్, అంటే బీమా క్లెయిము చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది బండితో పోదు, యజమానితోనే వస్తుంది. పాత పాలసీ కంపెనీ నుంచి ఉత్తరం తెచ్చుకుంటే, మీ స్లాబును బట్టి కొత్త బండి ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 50 శాతందాకా తగ్గుతుంది, ఆ ఉత్తరం మూడేళ్ళు చెల్లుతుంది. కొందరు డీలర్లు ఈ తగ్గింపును తాము ఇచ్చే డిస్కౌంటుగా చూపించి మార్కులు కొట్టేస్తారు.

మూడోది, బండిని వేరేవారి పేరుకు మార్చే 29, 30 ఫారాల మీద తేదీ లేకుండా సంతకాలు పెట్టి వదిలేయకండి. బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌సీలో పేరున్నవారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం రవాణా శాఖ ఆథరైజేషన్ ఉన్న డీలరుకు బండి అప్పగించినట్టు 29సీ ఫారంతో తెలియజేస్తే, ఆపైన బాధ్యత ఆ డీలరుది. మీ షోరూముకు ఆ ఆథరైజేషన్ ఉందా లేదా అన్నది మొదట అడగండి. ఫాస్టాగ్ మూసివేయడం, చలాన్లు కట్టడం ఎలాగూ మీ పనే.

రింగురోడ్డు రాయలసీమ:
వదినగారు చెప్పిన తేదీ, కిలోమీటర్ల షరతు నాకు తట్టలేదు, అది తప్పనిసరిగా రాయించవలసిందే. బోనసు సంగతి తీసుకుంటే, ఎక్స్ఛేంజ్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని రెండు కాగితాలు ఇమ్మని మొదటే అడగవచ్చు. పాత బండి ఉందని చెప్పినా, దాని ధర గురించి పెదవి విప్పకూడదన్నదాకా నేను దిగివస్తాను. అంతకుమించి కాదు.

ఏపీ 02 నంబరువాడు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాలాగా ఆంధ్రా నంబరుతో ఇక్కడ తిరిగేవారికి పై లెక్క వేరుగా ఉంటుంది. ఆ బండిని బెంగళూరులో అమ్మితే 28వ ఫారంతో అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీ తేవాలి, కొనేవారు ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ మొత్తాన్ని డీలరు మన ధరలోంచే కోసేస్తాడు. అందుకే నేను అనంతపురంలోనే అమ్ముదామనుకుంటున్నాను.

వర్తూరు వాసి:
అందరికీ ధన్యవాదాలు. రెండు కాగితాలు అడుగుతాను. ఒక్క సందేహం మిగిలింది. డిసెంబరు చివరివారంలో డెలివరీ తీసుకోమంటున్నారు, జనవరిదాకా ఆగితే పాత బండికి నష్టమా?

విలువ కట్టినవాడు:
జనవరి 1 దాటితే మీ పాత బండికి కాగితం మీద ఇంకో ఏడు మీద పడుతుంది, ధర కొంత దిగుతుంది. అయితే డిసెంబరులో తీసుకునే కొత్త బండి కూడా వారం తిరిగేసరికి పోయిన సంవత్సరం మోడల్ అవుతుంది, దాన్ని మీరు అమ్మే రోజున ఆ కోత మీకే తగులుతుంది. బండిని ఎనిమిది, పదేళ్ళు వాడేవారైతే డిసెంబరులో ఇచ్చే సంవత్సరాంతపు డిస్కౌంటు తీసుకోండి. మూడు నాలుగేళ్ళకోసారి మార్చేవారైతే జనవరిలో తయారైన బండి కోసం ఆగండి, విలువ నిలిచే తేదీని మాత్రం జనవరి నెలాఖరుదాకా ఇప్పుడే రాయించుకోండి.