ప్రతి జిల్లాకీ ఫ్యాబ్ ల్యాబ్ కావాలా, ఉన్న ఆటోనగర్‌నే బాగుచేసుకోవాలా?

లేత్_బల్ల:
హైదరాబాద్ రాయదుర్గంలో ప్రభుత్వ నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ 2023 మార్చి 2న మొదలైంది, 78,000 చదరపు అడుగుల్లో. బార్సిలోనా అయితే 2014లోనే మాటిచ్చింది: 40 ఏళ్లలో, అంటే 2054కల్లా, ఊరికి కావలసిన వస్తువుల్లో ఎక్కువభాగం ఊళ్లోనే చేసుకుంటామని. వీటిని చూసి ఇప్పుడు ప్రతి జిల్లా కేంద్రానికీ ఒక ఫ్యాబ్ ల్యాబ్, అంటే ఎవరైనా వచ్చి మెషీన్ల మీద వస్తువులు చేసుకునే చోటు, అడుగుతున్నారు. నేను ఒప్పుకోను. ఆ డబ్బు బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ షెడ్లకి పెట్టండి. చైనాలోని షెన్‌జెన్‌లో హువాచియాంగ్‌బై విడిభాగాల బజారు ముందు పుట్టింది, మేకర్‌స్పేస్‌లు, అంటే ఇలాంటి ల్యాబ్‌లు, చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి.

3డీ ప్రింటర్ మీద తీసిన డబ్బా చేతిలో బాగానే ఉంటుంది. ఇంజెక్షన్ మోల్డింగ్‌కి, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని డై అనే అచ్చులోకి నెట్టి పీసులు తీసే పనికి, తీసుకెళ్తే డై మేకర్ వెనక్కి పంపేస్తాడు. పక్క గోడలకి 1, 2 డిగ్రీల వాలు ఉండదు కాబట్టి పీసు డైలోంచి ఊడిరాదు. ఒకచోట 2 మి.మీ., మరోచోట 5 మి.మీ. మందం ఉంటే మందమున్న చోట పైన గుంట పడుతుంది. ఈ జ్ఞానం ఉన్నది షెడ్లలో.

రాగిపొర:
మీరు చెప్పింది వెయ్యి పీసుల సంగతి. మొదటి పీసు మాటేమిటి? వీఎంసీ (కంప్యూటర్ నడిపే మిల్లింగ్ మెషీన్) మీద ఒక్క పీసు చేసినా, వంద చేసినా జాబ్ బిగించి సెట్టింగ్ చేయడానికి పట్టే టైము ఒకటే. అందుకే ఒక్క పీసు తెస్తే ఏ షెడ్డూ తీసుకోదు, తీసుకున్నా రేటు మోయలేం. తప్పు పీసులు చౌకగా చేసుకోవడానికి ఒక చోటు కావాలి, ల్యాబ్ అందుకే.

సర్క్యూట్ బోర్డే చూడండి. ల్యాబ్‌లో 1/64 అంగుళం బిట్‌తో, అంటే సుమారు 0.4 మి.మీ., ఎఫ్‌ఆర్1 (కాగితం పొరలతో చేసిన) బోర్డు మీద రాగి గీకుతారు. గీతల మధ్య ఖాళీ అంతకంటే తగ్గితే బిట్ దూరదు. గాజుపీచుతో చేసిన ఎఫ్‌ఆర్4 వాడకూడదు: ఆ ధూళి ఊపిరితిత్తులకి చేటు, బిట్ కూడా త్వరగా అరిగిపోతుంది. కోత లోతు 0.1 మి.మీ. చుట్టూ ఉంటుంది కాబట్టి కింద బల్ల 0.2 మి.మీ. వంగినా ఒక మూల రాగి తెగదు. ఇవన్నీ సరిచూసుకుంటే ఒక్క పూటలో బోర్డు చేతికొస్తుంది. ఇరవై బోర్డులు కావాలంటే మాత్రం బయట బోర్డులు చేసే ఫ్యాక్టరీకి పంపాలి.

సనత్‌నగర్_ఫిట్టర్:
ఇద్దరూ మెషీన్ల గురించే మాట్లాడుతున్నారు, వాటిని చూసుకునే మనిషిని వదిలేశారు. ల్యాబ్‌లు చచ్చేది అక్కడే. లేజర్ కట్టర్ కొంటారు, పొగ బయటికి లాగే ఎగ్జాస్ట్‌కీ, లేజర్ ట్యూబ్‌ని చల్లబరిచే నీటి చిల్లర్‌కీ డబ్బు ఉంచరు. ఎవరో రెక్సిన్ ముక్కో పీవీసీ షీటో పెడతారు. అందులోంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ మనిషికీ ప్రమాదం, మెషీన్ పట్టాలూ తుప్పు పడతాయి. విశాఖలో వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. గదికి ఏసీ లేకుండా చిల్లర్‌ని 18 డిగ్రీలకి పెడితే ట్యూబ్ మీద నీరు పట్టి హైవోల్టేజ్ కొన దగ్గర స్పార్క్ కొడుతుంది. నీటి ప్రవాహం ఆగితే లేజర్‌ని ఆపేసే సెన్సార్ బిగించకపోతే పంపు ఆగిన రోజు గాజు ట్యూబ్ పగులుతుంది. తర్వాత కొత్త ట్యూబ్‌కి టెండర్, ఆ గదికి తాళం.

జీతమిచ్చి ఒక టెక్నీషియన్ని పెట్టలేని చోట ల్యాబ్ తెరవొద్దు. నా పట్టు ఇదొక్కటే.

ఊరిబయట:
మనిషి సరే, ఎవరి కోసం అన్నది కూడా అడగండి. బార్సిలోనాలోనే సియుటాట్ మెరిడియానా అనే పేద పేటలో, జనం ఫుడ్ బ్యాంకుగా వాడుకుంటున్న భవనంలో నగరపాలక సంస్థ ల్యాబ్ పెడితే స్థానికులు ఎదురుతిరిగారు. తిండికి ఇబ్బంది పడేవాళ్లకి లేజర్ కట్టర్ చూపించడమేమిటన్న కోపం న్యాయమైనదే. దానికి ఎదురు ఉదాహరణ పుణె దగ్గర పాబళ్. 2002లో విజ్ఞాన్ ఆశ్రమ్‌లో ల్యాబ్ వచ్చింది, ఫ్యాబ్ ల్యాబ్‌లు పుట్టిన అమెరికాలోని ఎంఐటీ బయట మొదటివాటిలో ఒకటి. అది పల్లెటూరు. అక్కడ చేత్తో పని నేర్పే బడి ముందునుంచీ ఉంది, మెషీన్లు తర్వాత చేరాయి.

లేత్_బల్ల:
పాబళ్ ఉదాహరణ నా వాదనకే బలం: పని ముందు, మెషీన్ తర్వాత. అమెరికాలో సభ్యత్వ రుసుముల మీద నడిచిన మేకర్‌స్పేస్‌ల సంస్థ టెక్‌షాప్ 2017 నవంబర్‌లో ఒక్కసారిగా అన్ని శాఖలూ మూసేసింది. ఫిట్టర్ గారు అన్న జీతం ఎక్కడినుంచి వస్తుందో తేలకుండా జిల్లాకొకటి అంటే అదే గతి.

రాగిపొర:
జీతం ప్రభుత్వమే ఇవ్వాలి, గ్రంథాలయానికి ఇచ్చినట్టే. రుసుములతో అది వెళ్లదని టెక్‌షాపే చూపించింది. ఫ్యాబ్ ల్యాబ్‌ల నియమావళి అయిన ఫ్యాబ్ చార్టర్‌లో ఒక నియమం ఉంది: వ్యాపారం ల్యాబ్‌లో మొదలవ్వొచ్చు, ఎదగడం మాత్రం బయటే. ఆ బయట అన్నది మీ ఆటోనగరే. కాబట్టి ల్యాబ్‌ని ఆటోనగర్ గేటు పక్కనే పెట్టమంటాను, ఇంజనీరింగ్ కాలేజీ మూడో అంతస్తులో వద్దు.

రెండోది, షెడ్డుకి కాగితం పంపడం నేర్పాలి. ఒట్టి స్టెప్ ఫైలు (కంప్యూటర్‌లో గీసిన 3డీ డిజైన్ ఫైలు) చాలదు, కొలతలున్న డ్రాయింగ్, మెటీరియల్ గ్రేడు, ఎన్ని పీసులో రాయాలి. కుర్రాళ్లు ప్రతి కొలతకీ ±0.01 మి.మీ. తేడాకి మించొద్దని రాసేసి, రేటు చూసి బెదిరిపోతారు. 608 బేరింగ్ కూర్చునే 22 మి.మీ. రంధ్రానికి హెచ్7 అనే తేడా హద్దు రాస్తే సరి, అంటే +0.021, –0 మి.మీ. మిగతావాటికి ±0.1 చాలు.

సనత్‌నగర్_ఫిట్టర్:
గేటు పక్కన అంటే ఒప్పుకుంటాను. సాయంత్రం ఆరు నుంచి పదిదాకా తెరిచి ఉంచండి, షెడ్లలో పని ముగిశాక టర్నర్లు రాగలిగేది అప్పుడే.