నాన్నగారి డబుల్ బ్యారెల్ తుపాకీని దేనితో తుడవాలి? పెట్రోలు వాడొచ్చా?

పొలంగట్టు:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లె. అడవి పందుల బెడద కోసం నాన్నగారు ఎప్పుడో లైసెన్సు తీసుకున్న 12 బోర్ ఇప్పుడు నా పేరు మీదికి వచ్చింది. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించి, తిరిగి తెచ్చాక తోలు కేసులోనే వదిలేశాను. వానలు తగ్గాక తీసి చూస్తే బ్యారెల్ మీద ఆవగింజంత ఎర్రటి మచ్చలు, లోపల బూడిదరంగు గీతలు. నాన్న పెట్రోలుతో కడిగి కొబ్బరినూనె రాసేవారు. నేనూ అదే చేయనా?

మాజీజవాను:
తమ్ముడూ, పెట్రోలు మాత్రం వద్దు. ఒకసారి వరండాలో పళ్లెంలో పోసుకుని కూర్చున్నాను. లోపల పూజగదిలో నేల మీద దీపం వెలుగుతోంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. గడప దగ్గర భుగ్గుమని ఒక్క వెలుగు. నా చేతి వెంట్రుకలు కాలాయి, అంతే. మనవడు అప్పుడే అటు నుంచి లేచి వెళ్లాడు. ఆ క్షణం ఇప్పటికీ మర్చిపోలేదు.
కిరసనాయిలు కొంత నయం. సుమారు 35-40 డిగ్రీల వేడికి చేరితేగానీ దాని ఆవిరి మామూలుగా అంటుకోదు. కానీ మీ ఖమ్మంలో మే నెలలో ఎండే 40 దాటుతుంది, కాబట్టి నిప్పుకు దూరంగా, నీడలో, ఆరుబయటే చేయి. అన్నిటికన్నా ముందు బ్యారెల్‌ను కీలు దగ్గర వంచి తెరిచి, తూటా పెట్టే రెండు గదులూ ఖాళీగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడు. తూటాలు ఇంట్లో వేరే గదిలో ఉండాలి.

డాలస్‌వాసి:
ఇక్కడ చాలామంది చవకని, కారు బ్రేకులు శుభ్రం చేసే స్ప్రే బ్రేక్ క్లీనర్ కొడతారు. నేనూ గ్యారేజీ తలుపు మూసి వాడాను, పది నిమిషాల్లో తల తిరిగి మెట్ల మీద కూలబడ్డాను. తర్వాత డబ్బా వెనక చదివితే పెర్క్లోరోఇథిలీన్ అనే క్లోరిన్ ఉన్న ద్రవం అని ఉంది. వేడి తగిలితే దాని నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు కూడా పుట్టొచ్చు. వినియోగదారులకు దాని అమ్మకాన్ని దశలవారీగా ఆపేలా ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. క్లోరిన్ లేని రకాలూ ఉన్నాయి, అవి మళ్లీ మంటకు అంటుకుంటాయి. దయచేసి లేబుల్ చదవండి.

పెల్లెట్177:
నాది హైదరాబాద్, ఎయిర్ రైఫిల్. అసిటోన్‌తో తుడిచి ప్లాస్టిక్ గ్రిప్ పాడుచేసుకున్నాను, వేలిముద్ర దిగబడేంత మెత్తబడింది. అమోనియా ఉన్న రాగి సాల్వెంట్ (బ్యారెల్లో అంటిన రాగిని కరిగించే ద్రవం) కూడా అన్నిటికీ పనికిరాదు, నికెల్ పూత ఉంటే దాన్ని తినేస్తుంది. బ్యారెల్లో రాత్రంతా వదలకూడదు. ఇంకో మాట: కంచు బ్రష్ తిప్పాక గుడ్డ నీలంగా వస్తే బ్యారెల్లో రాగి ఉందని కంగారు పడకండి, ఆ రంగు బ్రష్‌దే కావచ్చు. 12 బోర్‌కు రాగి సాల్వెంట్‌తో పనే లేదు, అక్కడ పేరుకునేది సీసం, మసి, ప్లాస్టిక్.

నర్సుఅక్క:
ఆ సీసం గురించే నా బాధ. తూటా వెనక నిప్పు పుట్టించే ప్రైమర్లోనూ సాధారణంగా సీసం ఉంటుంది. మసి చేతికంటి, ఆ చేత్తోనే అన్నం తింటే ఒంట్లోకి పోతుంది, పిల్లలకు మరీ ప్రమాదం. వంటింటి బల్ల మీద, అన్నం గిన్నెలతో ఈ పని అసలు వద్దు. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. వాడిన గుడ్డలు పిల్లలకు అందకుండా పారేయండి. తుపాకీ కర్ర భాగానికి అవిసె నూనె రాసేవాళ్లు ఆ గుడ్డను ఉండచుట్టి పడేయకండి, తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టండి.

మాజీజవాను:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. తమ్ముడూ, మచ్చలకు చింతపండు, వెనిగర్ లాంటి పులుపు తగలనీయకు, నల్లపూత లేచిపోతుంది. గన్ ఆయిల్ వేసి సన్నటి స్టీల్ ఊలుతో మెల్లగా రుద్దు. లోపల బ్రష్ తూటా పెట్టే వైపు నుంచి మూతి వైపుకే తొయ్యి. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకట్టి లోపలి పిన్నులను పట్టేస్తుంది. పలచగా గన్ ఆయిల్ చాలు. తోలు కేసు చెమ్మ పడుతుంది, అందులో దాచకు.

పొలంగట్టు:
మీ అందరికీ రుణపడ్డాను. ఈ రోజు వేపచెట్టు కింద కూర్చుని కిరసనాయిలు, కంచు బ్రష్‌తో చేశాను. మొదటి గుడ్డ నల్లగా, రెండోది బూడిదరంగులో వచ్చాయి. ఆరోది శుభ్రంగా వచ్చింది. పైమచ్చలు పోయాయి. కానీ కుడి బ్యారెల్లో, తూటా గదికి కాస్త ముందు ఒక గుంట కనిపిస్తోంది. పుల్లకు దూది చుట్టి పెడితే పోగులు అక్కడే చిక్కుకుంటున్నాయి. సోమవారం లైసెన్సున్న డీలరుకు చూపిస్తాను. ఆయన చూసి చెప్పేదాకా అందులో తూటా పెట్టను.